కియా కంటే ముందే గుత్తి రోడ్డు

మన జిల్లా మీద ఏ ప్రత్యేక సంచిక తిరగేసినా పరిశ్రమల పేజీలో అదే పాట. కంప్యూటర్ కారు అంటే ఏమిటో అనంతపురానికి కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాకే తెలిసిందట. 2019 ఆగస్టు 8న ఎర్రమంచి దగ్గర మొదటి సెల్టోస్ బయటికొచ్చిన రోజే ఈ కరువు సీమకు కళ్లు తెరుచుకున్నాయట. అంతకుముందు ఇక్కడ సుమోలూ, వాటిని పేల్చే సినిమావాళ్లూ తప్ప ఇంకేమీ లేనట్టు! కార్ల తయారీ సంగతైతే నాకు పేచీ లేదు. కంప్యూటర్ సంగతంటే మాత్రం ఒప్పుకోను.

తొలి కంప్యూటర్ కారు మాదేననే ఇంకో వర్గం కోర్టు రోడ్డు ఇళ్లలో ఉంది. 1998లో శాంట్రో వచ్చింది, ఊళ్లో అది మొదట కొన్నది మా నాయనే అని ఒకరు, కాదు మా మామ మాటిజే ముందని ఇంకొకరు. 1995లోనే దేవూ సియెలో కార్బురేటర్ లేకుండా వచ్చిందని ఇద్దరికీ గుర్తుండదు. అయినా ఎవరు ముందు కొన్నారన్నది పెళ్లి పందిట్లో చెప్పుకోవడానికి బాగుంటుంది. ఇంజన్‌ను నడిపే ఆ కంప్యూటర్ డబ్బా విప్పి చదివిందెవరన్నదే నా లెక్కలో చరిత్ర.

2000 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా పొగ నిబంధనలు బిగిశాయి. ఆ ఏడాదే మారుతి 800 కూడా ఎంపీఎఫ్ఐ అయింది, అంటే కార్బురేటర్ పోయి ఇంజెక్టర్లు వచ్చాయి. అంతవరకూ మన ఊరి గుత్తి రోడ్డు మెకానిక్ షెడ్లలో ట్యూనింగ్ అంటే స్క్రూడ్రైవరూ చెవీ. కార్బురేటర్ స్క్రూ తిప్పుతూ ఇంజన్ చప్పుడు వినేవాళ్లు. కొత్త బండిలో తిప్పడానికి ఆ స్క్రూనే లేదు. గాలి ఒత్తిడి, నీళ్ల వేడి, థ్రాటిల్ ఎంత తెరుచుకుంది, పొగలో ఆక్సిజన్ ఎంత ఉంది, ఇవన్నీ సెన్సర్లు చెబితే ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరవాలో డ్యాష్‌బోర్డు కింది రేకు డబ్బా లెక్క కడుతుంది.

స్కానర్ కొనే స్తోమత లేనివాళ్లు ఆ డబ్బాను చదవడం ఎట్లా నేర్చారో చెప్పాలి. పాత మారుతి ఎంపీఎఫ్ఐలలో డయాగ్నసిస్ టెర్మినల్‌ను చిన్న వైరు ముక్కతో ఎర్త్‌కు కలిపి తాళం తిప్పితే చెక్ ఇంజన్ దీపం కొట్టుకుంటుంది. ఒకసారి వెలిగి, ఆగి, వెంటనే రెండుసార్లు వెలిగితే 12, అంటే లోపమేమీ లేదని. ఒకటి, తర్వాత నాలుగు అయితే నీళ్ల వేడి సెన్సర్. దాని వైరు తెగితే మే నెల ఎండలో కూడా ఇంజన్ చల్లగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది, వెనక నల్లపొగ. కార్బురేటర్ అలవాటున్నవాళ్లు దానికి ప్లగ్గులు మార్చేవాళ్లు. దీపం లెక్క తెలిసినవాళ్లు సెన్సర్ మార్చేవాళ్లు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన శాసనం ఆ డబ్బా మీది స్టిక్కరే. మారుతి నంబరు 33920తో మొదలవుతుంది, హ్యుందాయ్‌ది 39110తో. బాష్ పెట్రోలు డబ్బాకు 0 261, డీజిల్‌కు 0 281. మారుతి డబ్బాల్లో మొదటి అయిదంకెలూ ఒకటే. అసలు గుట్టు గీత తర్వాత ఉంటుంది. అది చూసుకోకుండా బెంగళూరు జేసీ రోడ్డు నుంచి పాత డబ్బా తెచ్చినవాళ్ల కథలు షెడ్డుకొకటి. 'ముందు నంబరు చూడల్లప్పా, సాకెట్ పట్టిందని డబ్బా తెస్తే దుడ్లు పోయినట్లే' అంటాడు నేనెరిగిన ఒక మేస్త్రీ. అయిదు గేర్ల 800ది, తర్వాతొచ్చిన నాలుగు గేర్లదీ పక్కపక్కన పెట్టి, గుడ్డతో దుమ్ము తుడిచి, చివరి అంకెల మీద వేలు పెట్టి చూపించాడు. ఇమ్మొబిలైజర్ ఉన్న బండ్లలో నంబరు కలిసినా చాలదు. తాళంలోని చిప్పుతో డబ్బాకు జత కుదర్చాలి, లేకపోతే బండి స్టార్టే కాదు.

ట్యూనింగ్ అంటే చిప్పు మార్చి పవరు పెంచడమని ఇప్పటి పిల్లలు అనుకుంటున్నారు. ఆ సరదా ఉన్నవాళ్లు బెంగళూరుకే పోతారు. ఇక్కడి పని గ్యాస్ కిట్లది. గ్యాస్ మీద నడిచేటప్పుడు పెట్రోలు ఇంజెక్టర్లు ఆపేస్తే, అవి చెడిపోయాయనుకుని కంప్యూటర్ దీపం వెలిగిస్తుంది. అందుకని ఎమ్యులేటర్ అనే చిన్న పెట్టె తగిలించి, ఇంజెక్టర్లు పనిచేస్తూనే ఉన్నాయని దాన్ని నమ్మిస్తారు. కంప్యూటర్‌ను మోసం చేయాలంటే ముందు అది ఎట్లా ఆలోచిస్తుందో తెలియాలి గదా! ఊరి పేరు మీద, 1905 నాటి ఫ్రాన్సిస్ జిల్లా గెజిటీర్ మీద పేజీలకు పేజీలు రాసే మన పెద్దలు ఈ విద్యకు ఒక్క వాక్యం ఇవ్వలేదు. 1948లో ఊరికొచ్చిన ఇంజనీరింగ్ కాలేజీకి మాత్రం అధ్యాయాలే ఇచ్చారు. కాలేజీ గొప్పదే. నేనెరిగిన షెడ్లలో చేతులు నల్లబడ్డవాళ్లు మాత్రం దాని గేటు దాటినవాళ్లు కారు.

కియా మొదటి కారు వచ్చిన 2019లోనే కొత్త బండ్లకు మన ఏపీ 02 పోయి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. పాత నంబరు మోసిన ఎంపీఎఫ్ఐలు ఒక్కొక్కటే తుక్కుకు పోతున్నాయి, డబ్బాలతో సహా. ఇక 2019నే పట్టుకుని వేలాడేవాళ్లకు ఒక మాట. 2022 ఏప్రిల్ 4న జిల్లా చీలి, కియా ఉన్న పెనుకొండ, పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడ్డ శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. కియా లెక్కే లెక్క అయితే ఆ ఘనతను పుట్టపర్తి వాళ్ల సంచికలో వేయించండి. మన సంచికలో గుత్తి రోడ్డుకు పేజీ ఖాళీ అవుతుంది.