గళ్ళపట్టీలో గమకము: ట్రాకరు సంగీతము పుట్టిన కథ

పాటను దాచుకొనుటకు మనుష్యుడు కనిపెట్టిన ఉపాయములు ముఖ్యముగా రెండు. వినబడిన ధ్వనిని ఉన్నదున్నట్లు పట్టి ఉంచుట మొదటిది. ఆ ధ్వనిని మరల పుట్టించు విధానమును వ్రాసి ఉంచుట రెండవది. గ్రామఫోను రికార్డు మొదటి జాతికి చెందినది. స్వరలిపి రెండవ జాతికి చెందినది. మొదటిదానిలో గాయకుని గొంతు ఉండును గాని, అతడు ఏ స్వరము మీద ఎట్లు కదలినాడో చెవితో వెదకి తెలిసికొనవలెను. రెండవదానిలో కదలిక కంటికి కనబడును గాని గొంతు వినబడదు.

ఈ రెండవ పద్ధతికి తెలుగు లిపిలో ఒక మహాగ్రంథము కలదు. 1904లో ఎట్టయపురమున విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో అచ్చయిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో సుబ్బరామ దీక్షితులు ముత్తుస్వామి దీక్షితుల కృతులను స్వరపరచి, స్వరాక్షరములకు గమకముల గుర్తులను కూడ చేర్చినారు. కంపితమునకు అలవంటి గీత. పైకి పోవు జారునకు ఒక వాలు గీత, క్రిందికి దిగు జారునకు మరియొక వాలు గీత. సీసపు అక్షరములు కూర్చువారికి అది ఎంత శ్రమయో ఊహించుకొనవచ్చును. గమకము లేనిచో రాగము ఆనవాలు పట్టుటయే కష్టము. అందుకే ఆ శ్రమ.

ఈ రెండు జాతులకును నడిమి జాతి ఒకటి 1987లో పుట్టినది. ధ్వనిని కొద్దిగా పట్టి ఉంచి, తక్కినదంతయు లిపిగా వ్రాసికొను పద్ధతి అది. దానినే ట్రాకరు అందురు. అది పుట్టినది సంగీత కళాశాలలో కాదు. ఇండ్లలో పిల్లలు ఆటలాడుకొను కంప్యూటరు మీద.

కంప్యూటరు చేత పాడించు ప్రయత్నములు అంతకు చాల ముందే జరిగినవి. 1951లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో సిసిరాక్ అను యంత్రము జెఫ్ హిల్ వ్రాసిన ప్రోగ్రాముతో సభాసదుల ఎదుట పాట వినిపించినది. ఆ యేడే ఇంగ్లండులోని మాంచెస్టరులో ఫెరాంటి మార్క్ 1 యంత్రము చేత క్రిస్టఫర్ స్ట్రేచీ బ్రిటిషు జాతీయగీతమును పాడించినాడు. ఈ యంత్రములకు సంగీతము కొరకు అమర్చిన సాధనమేదియు లేదు. పని నడచుచున్న తీరును ఆపరేటరుకు తెలుపు స్పీకరు మాత్రము ఉండెడిది. ఆ స్పీకరునకు సెకనుకు 440 మారులు విద్యుత్తు తగులునట్లు ఆజ్ఞలు వ్రాసినచో 440 పౌనఃపున్యము గల స్వరము పలుకును. గదినిండ పరచుకొన్న యంత్రము తన శక్తినంతయు వెచ్చించి ఒక్క పిల్లనగ్రోవి పాటి పని చేసినదన్నమాట! 1957లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మాక్స్ మాథ్యూస్ వేరు దారి త్రొక్కినాడు. ధ్వనితరంగము ఎత్తును క్షణక్షణమునకు అంకెలుగా లెక్కగట్టి, ఆ అంకెలను తరువాత ధ్వనిగా మార్చు పద్ధతి అతనిది. అట్లు వెలువడిన తొలి రచన నిడివి 17 సెకన్లు.

ఇండ్లకు, బడులకు కంప్యూటర్లు వచ్చునాటికి ధ్వని కొరకు ప్రత్యేకమైన చిప్పు ఉండుట ఆచారమైనది. 1982లో వచ్చిన కమొడోర్ 64లో బాబ్ యానెస్ రూపొందించిన సిడ్ అను చిప్పు మూడు గొంతులతో పలికెడిది. మన దేశమునకు సంబంధించిన యంత్రము బి.బి.సి. మైక్రో. 1984-85లో కేంద్ర ప్రభుత్వము క్లాస్ అను పేర రమారమి 250 పాఠశాలలలో కంప్యూటరు పరిచయమును ఆరంభించినపుడు ఎన్నుకొనబడినది ఇదే. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మూడును అప్పుడు వరంగల్లు జిల్లాలోనివే.

ఈ బి.బి.సి. మైక్రోలో సంగీతజ్ఞులు గమనింపదగిన విశేషమొకటి కలదు. దాని బేసిక్ భాషలో ‘సౌండ్’ అను ఆజ్ఞకు నాలుగు అంకెలు ఈయవలెను: ఏ మార్గము, ఎంత బిగ్గరగా, ఏ స్వరము, ఎంతసేపు. ఇందులో స్వరము తెలుపు అంకె ఒకటి పెరిగినచో శ్రుతి పెరుగునది అర్ధస్వరము కాదు, అందులో నాలుగవ వంతు. షడ్జము నుండి తారషడ్జము వరకు గల దూరమును 1200 సెంట్లుగా భాగించు లెక్కలో ఇది 25 సెంట్లు. మన శాస్త్రములోని ప్రమాణ శ్రుతి 81/80 నిష్పత్తి. అనగా సుమారు 21.5 సెంట్లు. పన్నెండు మెట్ల హార్మోనియముకంటె ఈ బడి యంత్రము మన శ్రుతులకు దగ్గరగా పోగలిగినది. దానిని చేసినవారు మన శ్రుతులను తలచి చేయలేదు; అది కాకతాళీయమే.

ఇక ట్రాకరు సంగతి. 1985లో కమొడోర్ సంస్థ ఆమిగా అను కంప్యూటరును విడుదల చేసినది. అందులోని పౌలా చిప్పు తానుగా స్వరము పుట్టించునది కాదు. జ్ఞాపకశాలలో ఉంచిన ధ్వని ముక్కను కోరిన వేగముతో చదివి వినిపించునది. అట్టి మార్గములు నాలుగు. రెండు ఎడమ చెవికి, రెండు కుడి చెవికి. జర్మనీకి చెందిన కార్‌స్టెన్ ఒబార్‌స్కి అను యువకుడు ఆటలకు సంగీతము కూర్చుచు, ఆ చిప్పుకు తగినట్లు 1987లో ఒక సాధనమును వ్రాసినాడు. దాని పేరు అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్. కమొడోర్ 64 మీద అదే దేశపు క్రిస్ హ్యూల్స్‌బెక్ 1986లో వ్రాసిన సౌండ్‌మానిటర్ కొంతవరకు దానికి ముందుపాటు అనవచ్చును.

తెర మీద నాలుగు నిలువు పట్టీలు, మార్గమునకు ఒకటి. ప్రతి పట్టీలో 64 అడ్డు వరుసలు. పాట నడచుచుండగా వరుసలు క్రిందినుండి పైకి జరుగుచుండును. ఒక్కొక్క గడిలో మూడు సంగతులు వ్రాయవచ్చును: స్వరము, దానిని పలుకు వాద్యము సంఖ్య, ఆ స్వరమును ఏమి చేయవలెనో తెలుపు ఆజ్ఞ. గడికి 4 బైట్లు. 64 వరుసలు, 4 మార్గములు. కావున ఒక పట్టికకు సరిగా 1024 బైట్లు చాలును.

ఉదాహరణకు జనగామ ప్రాంతపు ఒగ్గు డోలును తీసికొందము. డోలు మీద ఒక్క దెబ్బ, అర సెకను నిడివి గలది, రికార్డు చేసినామనుకొందము. ఆమిగా సామాన్యముగా మధ్యస్థాయి స్వరమునకు సెకనుకు సుమారు 8,287 బైట్లు చదువును. కావున ఆ దెబ్బకు 4,144 బైట్లు సరిపోవును. అదే ధ్వనిని నేటి సీ.డీ. పద్ధతిలో ఉంచుటకు 88,200 బైట్లు కావలెను. ఒక్కమారు దాచిన ఆ దెబ్బను రెట్టింపు వేగముతో చదివించినచో ఒక స్థాయి పైన పలుకును. సగము వేగముతో చదివించినచో ఒక స్థాయి క్రింద. మహబూబాబాదు తండాలలోని నగారా దెబ్బ ఇంకొకటి, భూపాలపల్లి అటవీ ప్రాంతపు కోయల డోలు దెబ్బ ఇంకొకటి చేర్చినచో ముగ్గురు వాద్యకాండ్రు సిద్ధమైనట్లే. తరువాత దరువంతయు గళ్ళలో వ్రాసికొనుటయే పని.

కాలము లెక్క ఇట్లుండును. సెకనుకు 50 టిక్కులు. మామూలుగా 6 టిక్కులకు ఒక వరుస. వరుసకు 0.12 సెకను, 64 వరుసల పట్టికకు 7.68 సెకన్లు. అక్షరమునకు 4 వరుసల చొప్పున ఆదితాళపు ఆవర్తము 32 వరుసలు. పట్టికకు రెండు ఆవర్తములు కుదురును. మిశ్రచాపు మాత్రము 64లో ఇమడదు. అపుడు 56వ వరుసలో ‘ఇక్కడ తెంచి తరువాతి పట్టికకు పొమ్ము’ అను ఆజ్ఞను ఉంచవలెను. ఏడేసి వరుసలవి ఎనిమిది ఆవర్తములు నిండును. పట్టికలను ఏ క్రమములో, ఎన్ని మారులు వాయింపవలెనో తెలుపు జాబితా వేరుగా ఉండును. పల్లవిని ఒక్కమారు వ్రాసి, కావలసినన్ని మారులు పిలువవచ్చును. మూడు నిమిషముల పాటకు పట్టికలన్నియు వేరువేరైనను 24 చాలును. 880 కిలోబైట్ల ఫ్లాపీలో ఇట్టి పాటలు ఎన్నో పట్టెడివి.

ఒబార్‌స్కి సాధనము అంగడిలో పెద్దగా నెగ్గలేదు. కాని ప్రోగ్రాములు విప్పుటలో నేర్పరులైన కుర్రవాండ్రు దానిని విప్పి, సవరించి, పంచిపెట్టినారు. తొలుత 15 వాద్యములు మాత్రమే ఉండెడివి. తరువాత 31 అయినవి. 1989లో స్వీడను దేశపు మహోనీ, కాక్టస్ అను మారుపేర్లవారు నాయిస్‌ట్రాకర్‌ను, ఆ వెంటనే 1990లో వేరొకరు ప్రోట్రాకర్‌ను తెచ్చినారు. సొంతదారుని అనుమతి లేకుండ చేసిన పని కావున దీనిని మెచ్చుకొనుటకు కొంత సంకోచము కలుగవలసినదే. అయినను ఈ పంపకమువలననే ఆ పద్ధతి దేశదేశములకు ప్రాకినదన్నది కాదనరానిది.

ఆ పాటల ఫైలులో దాపరికము లేదు. తెరచినచో ప్రతి స్వరము, ప్రతి వాద్యము, ప్రతి ఆజ్ఞ కనబడును. వాద్యము పేరునకు 22 అక్షరముల చోటు ఉండెడిది. కూర్చినవారు అందులో పేర్లకు మారుగా మిత్రులకు జాబులు వ్రాసెడివారు! గురువు లేని పిల్లవాడు ఇతరుల పాటను తెరచి, ఒక మార్గమును ఆపి, మరియొకదానిని వినుచు నేర్చుకొనెడివాడు. నాలుగే మార్గములు గనుక మూడు స్వరముల మేళనమునకు మూడు మార్గములు వెచ్చించుట దండుగ. అందుచేత ఒకే మార్గములో మూడు స్వరములను టిక్కునకొకటిగా త్రిప్పెడివారు. ఆ జలజలమను ధ్వని పేదరికమునుండి పుట్టిన అలంకారము.

1994లో కమొడోర్ సంస్థ దివాలా తీసినది. అప్పటికే ఈ విద్య పీ.సీ.లకు చేరినది. 1994లో స్వీడనులో ఫాస్ట్‌ట్రాకర్ 2, 1995లో ఆస్ట్రేలియాకు చెందిన జెఫ్రీ లిమ్ వ్రాసిన ఇంపల్స్ ట్రాకర్ వెలువడినవి. మార్గములు పదులలోనికి పెరిగినవి. 2020లో ఫిన్లండు, 2021లో జర్మనీ ఈ కుర్రవాండ్ర కళను తమ జాతీయ సాంస్కృతిక వారసత్వపు జాబితాలలో చేర్చినవి. నేడు మిల్కీట్రాకర్, ఓపెన్ ఎం.పి.టి. వంటివి ఉచితముగా లభించుచున్నవి. పాత యంత్రము లేకయే ఎవరైనను కూర్చవచ్చును.

పాత యంత్రములే కావలెననువారు వాటికి వైద్యము కూడ నేర్వవలసి యున్నది. ఆమిగా 500 ప్లస్, 2000 రకములలో గడియారము కొరకు అతికిన బ్యాటరీ కాలక్రమమున కారి, పలకమీది రాగి దారులను తినివేయును. 600, 1200 రకములలో చిన్న కెపాసిటర్లు కారును. ఫ్లాపీల మీది అయస్కాంతపు పూత చెడుచున్నందున, ఆ స్థానమున యూ.ఎస్.బీ. పుల్లను చదువు పెట్టెను అమర్చుచున్నారు.

మన గమకమునకు ఈ గళ్ళలో ఎంత చోటున్నది? జారు కొరకు 3వ ఆజ్ఞ కలదు. అది ముందున్న స్వరము నుండి కోరిన స్వరమునకు జరుగును. కంపితమునకు 4వ ఆజ్ఞ. ఊపు వేగము ఒక అంకె, ఊపు లోతు ఒక అంకె. శ్రుతిని అర్ధస్వరములో ఎనిమిదవ వంతు, అనగా 12.5 సెంట్లు చొప్పున సరిచేయవచ్చును. దీక్షితుల వాలు గీతకు, అలగీతకు ఇవి దగ్గరి చుట్టములే. కాని ట్రాకరు కంపితము గడియారపు లోలకమువలె సమముగా ఊగును. తోడి గాని, కాంభోజి గాని అట్లు ఊగవు. ఒక్కొక్క ఊపును వేరుగా వ్రాయవలసి వచ్చును. వ్రాసినవాడు రాగము నెరిగినవాడు కావలెను.

ఒగ్గు కథ విషయమున చిక్కు ఇంకొక రకమైనది. జనగామ ప్రాంతమున మాణిక్యాపురములో పుట్టిన చుక్క సత్తయ్య (1935-2017) వంటి కళాకారులు ఈ విద్యను పుస్తకము నుండి నేర్చినది కాదు. కథతోపాటు దరువు మారును. దుఃఖఘట్టమున నెమ్మదించును, యుద్ధమున ఉరుకును. రికార్డులో ఆ నడక దొరకును గాని దరువు కట్టుబాటు విడదీసి చూపదు. ట్రాకరు విడదీసి చూపును గాని నడకను అంకెలుగా అడుగును. దానికి ఎఫ్ అను ఆజ్ఞ ఉన్నది. వేగమును 32 నుండి 255 వరకు పూర్ణాంకములలో మార్చును. మెల్లమెల్లగా నెమ్మదించవలెనన్నచో ప్రతి వరుసలోను ఒక అంకె వ్రాయవలెను. గడికి ఆజ్ఞ ఒక్కటే కనుక, ఆ వరుసలో ఎఫ్ ఉన్న మార్గము జారును గాని కంపితమును గాని వదులుకొనవలసినదే.