క్రౌన్ లిక్కర్ సలూన్, బెల్‌ఫాస్టు

ఉత్తర ఐర్లండు రాజధాని యగు బెల్‌ఫాస్టు నగరమున, గ్రేట్ విక్టోరియా వీధిలో, యూరోపా హోటలున కెదురుగా నున్న ఈ పానశాల, విక్టోరియా రాణి కాలపు అలంకారమును దాదాపు పూర్ణముగా నిలుపుకొన్న నగర పానశాలలలో అగ్రగణ్యమైనది. ప్రాచీన దుర్గములను, ప్రభువుల సౌధములను సంరక్షించు నేషనల్ ట్రస్టు అను సంస్థ దీనిని తన ఆస్తులలో చేర్చుకొని కాపాడుచున్నది.

దీనికి మొదటి యజమాని ఫీలిక్స్ ఓహాన్లన్. మొదటి పేరు 'రైల్వే టావెర్న్'. దీనిని 1826లో స్థాపించిరని చెప్పుట వాడుక. కాని బెల్‌ఫాస్టు నుండి లిస్బర్నుకు అల్‌స్టర్ రైల్వే తొలి బండిని నడపినది 1839లో గనుక, పానశాల అంత ప్రాచీనమైనదే యైనను, ఆ పేరు మాత్రము తరువాత వచ్చినదని భావింపవలసియున్నది. రైలు స్టేషను సమీపమున నుండుటయే దీని భాగ్యమునకు మూలము. బండి దిగినవారును, బండి కొరకు వేచియుండువారును, నారబట్టల వర్తకమునకై పరిసర ప్రాంతముల నుండి వచ్చువారును దీనికి ఎడతెగని గిరాకీ నిచ్చిరి. ఓహాన్లన్ పిమ్మట మైకేల్ ఫ్లానగన్ దీనిని కొనెను. అతని కుమారుడు పాట్రిక్ ఫ్లానగన్ చేతికి వచ్చిన నాటి నుండియే దీని నిజమైన చరిత్ర ప్రారంభమగుచున్నది.

నాటి బెల్‌ఫాస్టు, నారబట్టల మిల్లులతోను, హార్లండ్ అండ్ ఉల్ఫ్ వారి నౌకానిర్మాణ కేంద్రముతోను దినదినాభివృద్ధి నొందుచు, 1888లో రాణి శాసనముచే నగరహోదాను పొందినది. ఆ సంపదతో పాటు పోటీయు పెరిగెను. మరియొక వైపున, ఫాదర్ మాథ్యూ 1838లో కార్కులో ఆరంభించిన మద్యవిసర్జనోద్యమము నాటి నుండి, పానశాల యనిన చీకటికొట్టు, దుర్వ్యసనపు నెలవు అను నింద ఐర్లండున వినబడుచునే యుండెను. లండనులో 1825లో మద్యముపై సుంకము తగ్గిన పిమ్మట వెలసిన జిన్ ప్యాలెస్ అను భవనములు, గ్యాసు దీపముల వెలుగుతో, నిలువెత్తు గాజు పలకలతో, బీదవానికి సైతము ఒక గడియ రాజభోగము చూపినవి. తన పానశాలయు అట్టిది కావలెనని పాట్రిక్ సంకల్పించి, 1885లో దానిని పునర్నిర్మింపజేసి 'క్రౌన్' అను పేరు పెట్టెను.

ఆ కాలమున బెల్‌ఫాస్టులో నూతన చర్చిలు అనేకములు నిర్మింపబడుచుండెను. వాటి పనికై వచ్చిన ఇటలీ శిల్పులను ఒప్పించి, పగటి పని ముగిసిన పిమ్మట తన పానశాలలో పలకల పని, రంగుటద్దముల పని, దారుశిల్పము చేయించెనని ప్రసిద్ధి. అయితే కీర్తి యంతయు వారికే కట్టుట న్యాయము కాదు: 1898లో ఇ. అండ్ జె. బర్న్ అను వాస్తుశిల్పులు రూపొందించిన ముఖభాగమును కప్పిన రంగురంగుల మెరుగు పలకలు ఇంగ్లండులోని జాక్‌ఫీల్డున క్రేవెన్ డన్నిల్ వారి కార్ఖానాలో తయారైనవి.

లోపల అడుగిడిన వెంటనే కంటి కానునది పొడవైన పానవేదిక. ఎర్ర గ్రానైటు పలకతో చర్చి బలిపీఠమును స్ఫురింపజేయు నది, పాదములుంచుకొనుటకు దిగువన వేడి చేయబడు కమ్మీని కలిగియున్నది. ఆ చలిదేశమున ఇంతటి శ్రద్ధ సామాన్యము కాదు. ఎదుటి వైపున, చెక్కిన కర్రతో కట్టిన పది చిన్న గదులు, 'స్నగ్గు'లనబడునవి, వరుసగా నున్నవి. పానము చేయుట ఇతరుల కంటబడరాదని తలచు మర్యాదస్థులకై ఉద్దేశింపబడిన ఈ గదులలో, అగ్గిపుల్లలు గీయుటకు లోహపు పలకలును, పనివానిని పిలుచుటకు గంటల ఏర్పాటును నేటికిని గలవు. గాజులపై గుల్లలు, అనాసపండ్లు, విదూషకులు చిత్రింపబడిరి. గ్యాసు దీపములు నేటికిని వెలుగుచున్నవి. దేవుని యింటికి తగిన పనితనము పానశాలకేల యని ఆక్షేపించువారుండవచ్చును. కాని ఏ కళాశాలకును పోని గుమాస్తా, కూలి, ప్రయాణికుడు, ఒక గ్లాసు వెలకే ఇంతటి శిల్పము నడుమ కూర్చుండగలుగుట గొప్ప విషయమని ఈ వ్యాసకర్త దృఢముగా నమ్ముచున్నాడు.

గుమ్మము వద్ద నేలపై రంగురాళ్లతో కిరీట మొకటి పొదిగియున్నది. భార్య కోరికపై పాట్రిక్ కిరీటమను అర్థము గల 'క్రౌన్' అను పేరునకు సమ్మతించినను, వచ్చిన ప్రతివాడును బ్రిటిషు రాజరికపు చిహ్నమగు ఆ కిరీటమును త్రొక్కుచు పోవునట్లు చేసెనని ఒక కథ ప్రచారమున నున్నది. కథ నిజమైనను కాకున్నను, ఐర్లండు రాజకీయముల వేడి దానిలో స్పష్టముగా తెలియుచున్నది.

కరోల్ రీడ్ 1947లో తీసిన 'ఆడ్ మ్యాన్ అవుట్' చిత్రమునకై స్టూడియోలో ఈ పానశాల ప్రతిరూపమును నిర్మించిరి. 1971లో ఎదుట యూరోపా హోటలు వెలసిన పిమ్మట, ఉత్తర ఐర్లండు కల్లోలములలో ఆ హోటలుపై ముప్పదికి మించి బాంబుదాడులు జరుగగా, క్రౌన్ గాజులు పలుమార్లు పగిలినవి. ఆ దుర్దినములలోనే, కవి జాన్ బెట్జమన్ ప్రభృతుల ప్రోత్సాహమున, నేషనల్ ట్రస్టు 1978లో దీనిని కొని, 4,00,000 పౌనుల వ్యయముతో 1981 నాటికి పూర్వరూపమును తెచ్చినది. 2007లో మరల 5,00,000 పౌనులు వెచ్చించి మరమ్మతులు జరిపినది. వ్యాపారము కౌలుదార్లు నడుపుచుండ, భవనము ట్రస్టు స్వాధీనముననే యుండి, క్రౌన్ నేటికిని పానశాలగానే కొనసాగుచున్నది.