రామనగర్ కబుర్లు: మా వేటపాలెం పెద్దల పడుచుదనం

ప్రత్యేక సంచికకు ‘పడుచుకాలపు సాహసాలు’ అనే అంశం మీద నాలుగు పేజీలు రాయమని సంపాదకవర్గం వారు ఫోను చేసి చెప్పారు. రిటైరైన వాళ్ళం నలుగురం కలిస్తే ముందు డి.ఎ. బకాయిలు, తరువాత బి.పి., షుగరు, అవి అయ్యాక ఎలాగూ ఈ సాహసాల దగ్గరికే వస్తాం కనుక అంశం బాగానే ఉంది. అయితే నా సాహసాలు చెప్పుకోదగ్గవి కావు. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు ఫైళ్ళ మధ్య గడిపినవాణ్ణి. అందుచేత మా ఊరి పెద్దల సాహసాన్ని, నేను చిన్నతనంలో విన్నదాన్ని, రాస్తున్నాను. అది చరిత్ర పుస్తకాలకు కూడా ఎక్కిన సాహసమే.

మాది వేటపాలెం. నేను పుట్టినప్పుడు గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా అయింది, 1972లో దానికే ప్రకాశం అని పేరు పెట్టారు, 2022లో బాపట్ల జిల్లాలో కలిపారు. ఊరు అంగుళం కదలలేదు గాని నా సర్వీసు రిజిస్టరులో, పెన్షన్ కాగితాల్లో, ఆధార్ కార్డులో మూడు జిల్లాల పేర్లున్నాయి! రైల్లో మద్రాసు వెళ్ళేవారికి మా ఊరు జీడిపప్పు పొట్లాలతో గుర్తు. చదువుకున్నవారికి సారస్వత నికేతనంతో గుర్తు. మాకు మాత్రం ఊరంటే మగ్గం చప్పుడు. తెల్లవారుజామున వీధిలో పడుగులు సాగదీసి గంజి పట్టిస్తుంటే బడికి వెళ్ళే పిల్లలం ఆ దారాల కింద నుంచి దూరి పోయేవాళ్ళం.

మా వీధిలో ఒక నేత తాతయ్య ఉండేవాడు. 1964 నాటికి ఆయనకు అరవై. సాయంత్రం మగ్గం దిగి అరుగు మీద కూర్చుంటే చాలు, చీరాల పేరాల కథ మొదలయ్యేది. 1921లో ఆయనకు పదిహేడేళ్ళు.

ఆ కథ మీలో చాలామందికి తెలిసిందే అయినా, మునిసిపాలిటీల్లో పని చేసి వచ్చిన మిత్రులు ఉన్నారు గనక లెక్కలతో సహా ఒకసారి చెప్పడం మంచిది. చీరాల, పేరాల పక్కపక్క ఊళ్ళు. నేతపనివారు, చిన్న వ్యాపారులు, రైతులు. అంతకుముందు అక్కడ యూనియన్ ఉండేది. ఏటా వసూలయ్యే పన్ను సుమారు నాలుగు వేల రూపాయలు. 1919లో ప్రభుత్వం ఆ ఊళ్ళను మునిసిపాలిటీ చేసింది. పన్ను ఒక్కసారిగా నలభై వేలకు దగ్గరైంది. పదింతలన్నమాట. పెంచిన పన్నుకు తగ్గ సౌకర్యం ఏమి వస్తుందో చెప్పినవారు లేరు. జనం అర్జీలు పెట్టుకున్నారు. అర్జీల గతి ఏమవుతుందో మనకంటే తెలిసినవారెవరు! పన్ను కట్టమని నిరాకరించినందుకు కొందరిని జైలుకు పంపారు. వారిలో రావూరి అలివేలు మంగమ్మ అనే ఆవిడ కూడా ఉంది. మన దేశంలో రాజకీయ కారణాల మీద జైలుకెళ్ళిన తొలి స్త్రీలలో ఆమెను చెప్పుకుంటారు.

ఈ ఉద్యమానికి నాయకుడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889లో పెనుగంచిప్రోలులో పుట్టి, ఎడింబరోలో ఎం.ఎ. చదివి, తిరిగి వచ్చి బందరు జాతీయ కళాశాలలో పని చేసిన మనిషి. ఆనంద కుమారస్వామితో కలిసి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. అది 1917లో అచ్చయింది. అంతటివాడు చీరాల వచ్చి నేతగాళ్ళ అరుగుల మీద కూర్చుని వాళ్ళ మాటలతోనే వాళ్ళను నవ్వించి, ఏడిపించి, లేపాడంటే ఆ రోజుల్లో కుర్రవాళ్ళు ఆయన వెంట పడడంలో వింత లేదు. ఆయన కూడగట్టిన స్వచ్ఛంద సేవకుల దళం పేరు రామదండు. వెయ్యిమంది దాకా ఉండేవారంటారు. కావి బట్టలు, మెడలో రుద్రాక్షలు, నుదుట బొట్టు.

1921 మార్చి నెలాఖరున విజయవాడలో అఖిల భారత కాంగ్రెస్ సంఘ సమావేశం జరిగింది. అది అయ్యాక ఏప్రిల్ 6న గాంధీగారు చీరాల వచ్చారు. రెండు మార్గాలు చెప్పారు. ఒకటి, శాంతంగా పన్ను నిరాకరించి వచ్చే కష్టాన్ని భరించడం. రెండు, మునిసిపాలిటీ హద్దులు దాటి ఊరు ఖాళీ చేసి వెళ్ళిపోవడం. ఊరే లేకపోతే పన్ను ఎవరి మీద వేస్తారు? జనం రెండోదే ఎంచుకున్నారు. పదిహేను వేలమందిలో పదమూడు వేల పైగా ఆ ఎండాకాలంలో సామాన్లు నెత్తిన పెట్టుకుని హద్దు అవతలి బయలులో పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టారు. తగవులు తీర్చడానికి తమ పంచాయతీ తామే ఏర్పాటు చేసుకున్నారు. అక్కడ పదకొండు నెలలున్నారు.

ఇప్పుడు తాతయ్య సాహసానికి వస్తాను. వేటపాలెం నుంచి చీరాల దగ్గర దగ్గర అయిదు మైళ్ళు. ఆయన రాత్రి భోజనం అయ్యాక భజనకు పోతున్నానని ఇంట్లో చెప్పి, రైలుకట్ట పట్టుకుని జాండ్రపేట మీదుగా రామనగర్ చేరేవాడట. తాటాకు మోయడం, రాత్రి గస్తీ తిరగడం, సభ ఉంటే డప్పు కొట్టి చాటడం ఆయన పనులు. తెల్లవారేలోగా మళ్ళీ కట్ట మీదుగా ఇంటికి వచ్చి మగ్గం ఎక్కేవాడు. గూడ్సు బండి వస్తే కట్ట దిగి తుప్పల్లో కూర్చునేవాడు. కావి చొక్కా కొనడానికి డబ్బుల్లేక నూలుకు రంగు వేసే కుండలో ఉన్న ఒక్క చొక్కా ముంచాడు. రంగు నిలిచేది కాదు. మే నెల చెమటకు ఆ రంగంతా కారి మెడకూ వీపుకూ అంటింది. పొద్దున కొడుకు మెడ చూసిన తండ్రి, “భజనలో వసంతం ఆడారంట్రా?” అని అడిగి చేతికందిన కర్ర తీసుకున్నాడట. ఇక్కడ తాతయ్య లేచి నిలబడి, వాళ్ళ నాన్న ఎలా తరిమాడో, తాను పడుగు కింద నుంచి ఎలా దూకాడో చేసి చూపించేవాడు. అరుగు మీద నవ్వులే నవ్వులు.

గాంధీగారిని చెట్టెక్కి చూశానని కూడా చెప్పేవాడు. గాంధీగారు చక్కటి తెలుగులో మాట్లాడారనేవాడు! గాంధీగారికి తెలుగు రాదు గదా తాతయ్యా అంటే, “నాకు అర్థమైంది, తెలుగు గాకపోతే ఎట్టా అర్థమవుద్ది?” అనేవాడు. మైకులు లేని కాలంలో, అంత జనంలో, చెట్టు మీద కుర్రాడికి ఏం వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ మాటతో నేను వాదించలేదు. గుర్తుండేది విన్నది కాదు, ఆ చెట్టు ఎక్కిన ఉత్సాహం.

ఒకనాడు ఈ కథ నడుస్తుండగా లోపల కండెలు చుట్టుకుంటున్న మామ్మగారు, ఆయన ఇల్లాలు, రాట్నం ఆపింది. ఆమె పేరాల ఆడపడుచు. ఊరు ఖాళీ చేసిన నాటికి ఆమెకు పదేళ్ళు. అంటే ఈయన డప్పు కొట్టడానికి వెళ్ళిన రామనగర్‌లో ఆమె కాపురం ఉంది. అన్నేళ్ళుగా ఈ కథ వింటున్నా ఎన్నడూ నోరు మెదపని మనిషి ఆ రోజు నా వైపు తిరిగి, “ఆయనకేం నాయనా, డప్పు కొట్టి పొద్దున్నే ఇంటికొచ్చి పడ్డాడు. మాకు ఇల్లేదీ?” అంది.

తరువాత ఆమె చెప్పిన విషయం నేతపని తెలిసినవారికి వెంటనే అర్థమవుతుంది, తెలియనివారి కోసం వివరిస్తాను. మాది గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి, తొక్కుడు కర్రలు అందులో అమర్చి, గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేస్తారు. ఇంట్లో మంచం, కుండలు, బియ్యపు మూట అన్నీ మోసుకుపోవచ్చు. గుంట మోసుకుపోలేరు. బల్ల, అచ్చు, నాడె పట్టుకెళ్ళి రామనగర్ పాకలో మళ్ళీ గుంట తవ్వాలి. సముద్రం దగ్గర ఇసుక నేల. తవ్వితే అంచులు విరిగి పడతాయి. వాళ్ళ నాన్న తాటిబద్దలు పాతి, చాపలు అడ్డం పెట్టి ఎలాగో నిలబెట్టాడు. ఎండాకాలం గడిచింది. వానలు మొదలయ్యాక అడుగు నుంచి నీరు ఊరింది. రాత్రిళ్ళు వాళ్ళమ్మ ముంతతో నీళ్ళు తోడేది, తెల్లవారితే గుంట మళ్ళీ నిండేది. ముసురులో పడుగుకు గంజి పడితే ఆరదు. ఆరని పడుగు బూజు పట్టి తెగుతుంది. చీర దిగకపోతే సావుకారు నూలు ఇవ్వడు, నూలు లేకపోతే కూలి లేదు. “మీరు పాట పాడినప్పుడు మేం కూడా పాడాం. పాడింతర్వాత మీరు ఇంటికి పోయినారు” అంది.

ఆ వానల్లో ఆమె తమ్ముడొకడు జ్వరంతో పోయాడు. ఆ మాట ఆమె ఒక్కసారే చెప్పింది, చెప్పి మళ్ళీ రాట్నం తిప్పుకుంది. తాతయ్య అప్పుడేమీ మాట్లాడలేదు. ఆ తరువాత కూడా కథ చెప్పేవాడు గాని, చొక్కా రంగు కారిన దగ్గర ఆపేసేవాడు.

ఉద్యమం ఎలా ముగిసిందో పుస్తకాల్లో ఉంది. దుగ్గిరాల విరాళాల కోసం తిరుగుతూ బరంపురం వెళ్ళాడు. అక్కడ ఉపన్యసించకూడదని ఆంక్ష పెట్టి, ధిక్కరించాడని ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకు పంపారు. నాయకుడు లేడు, డబ్బు లేదు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా ఘటన తరువాత గాంధీగారు సహాయ నిరాకరణనే ఆపేశారు. ఇదే గుంటూరు జిల్లాలో పర్వతనేని వీరయ్య చౌదరి నడిపిన పెదనందిపాడు పన్ను నిరాకరణ కూడా ఆ గాలివాటులోనే చల్లబడింది. రామనగర్ వాసులు ఒక్కొక్క కుటుంబంగా ఇళ్ళకు తిరిగి వచ్చారు. మునిసిపాలిటీ అలాగే ఉంది, ఇవాళ్టికీ ఉంది. దుగ్గిరాల 1928లో నలభై ఏళ్ళు నిండకుండానే పోయాడు. ఓడిపోయిన ఉద్యమమని కొందరంటారు. పదమూడు వేలమందిని పదకొండు నెలలపాటు ఒక్క దెబ్బలాట లేకుండా నిలబెట్టినదాన్ని ఓటమి అనడానికి నాకు నోరు రాదు. కాని గెలుపని రాస్తే మామ్మగారి ముంత గుర్తుకొస్తుంది.

మామ్మగారు చెప్పింది పుస్తకాల్లో ఎక్కడైనా ఉందేమోనని నేను కాలేజీ సెలవుల్లో సారస్వత నికేతనంలో వెతికాను. ఆ గ్రంథాలయం కూడా కుర్రాళ్ళ సాహసమే. 1918లో ఊళ్ళోని హిందూ యువజన సంఘం వారు, ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారి చొరవతో పెట్టినది. 1929లో గాంధీగారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఒకటి ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రికల పాత సంపుటాలు దుమ్ము దులిపి చదివాను. గాంధీగారు ‘యంగ్ ఇండియా’లో చీరాల పేరాల ప్రజల ధైర్యం గురించి రాశారు. నాయకుల ఉపన్యాసాలున్నాయి, విరాళాల వార్తలున్నాయి. మగ్గం గుంటలో ఊరిన నీటి సంగతి నేను తిరగేసిన కాగితాల్లో ఒక్క చోటా కనిపించలేదు. ఆడవాళ్ళలో అలివేలు మంగమ్మ పేరు నిలిచింది, ఆమె జైలుకెళ్ళింది గనక. నీళ్ళు తోడినవాళ్ళ పేర్లు ఏ రిజిస్టరుకూ ఎక్కలేదు.

మనవాళ్ళు ఎవరైనా ఇది పాత సంగతి గదా అనవచ్చు. 1972 గుర్తు చేసుకోండి. ముల్కీ నిబంధనల మీద ఆ అక్టోబరు 3న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. డిసెంబరులో ఆంధ్ర ప్రాంత ఎన్.జి.వోలం సమ్మెకు దిగాం. 1973 జనవరి 18న రాష్ట్రపతి పాలన వచ్చింది. నేను ఉద్యోగంలో చేరి ఏడాది దాటింది. ఊరేగింపులు, రైలుకట్టల మీద బైఠాయింపులు, పోలీసు వ్యాను చూసి పొలాలకడ్డం పడి పరుగెత్తడం, చెప్పు ఒకటి చేల్లో పోగొట్టుకుని ఒంటి చెప్పుతో ఇల్లు చేరడం – మన సమావేశాల్లో ఇవన్నీ ఎన్నిసార్లు చెప్పుకున్నామో, ఎన్నిసార్లు నవ్వుకున్నామో. జీతాలు లేని ఆ నెలల్లో మా అమ్మ జీడిగింజలు కొట్టే పనికి వెళ్ళింది. ఆ తొక్కలోంచి కారే జీడి తగిలితే చర్మం కాలుతుంది. బూడిద రాసుకుని కొట్టేవాళ్ళు. అయినా వేళ్ళు నల్లబడి పొట్టు లేచేవి. ఒంటి చెప్పు కథ చెప్పినప్పుడల్లా నవ్విన మిత్రులకు ఈ సంగతి ఇవాళే చెబుతున్నాను.

సంపాదకవర్గం వారికి ఒక మనవి. వచ్చే సంచికలో నాలుగు పేజీలు మన ఇళ్ళల్లోని ఆడవాళ్ళకు కేటాయించండి. 1972–73లో ఇల్లు ఎలా నడిచిందో వాళ్ళనే రాయమనండి. రాయలేనివారుంటే చెప్పమనండి, ఎవరైనా రాసుకోవచ్చు. మా ఇంటి నుంచి మా అక్కయ్య ఒప్పుకుంది. అప్పట్లో అమ్మతోపాటు తనూ ఆ పనికి వెళ్ళింది.