కాలి ధమనిలో మూసుకుపోయిన స్టెంటుకు చికిత్స

కాలికి రక్తాన్ని తీసుకువెళ్ళే ధమని ఇరుకైనప్పుడు దానిని తెరచి ఉంచడానికి అమర్చే లోహపు జాలి గొట్టాన్ని స్టెంటు అంటారు. కొందరిలో ఇది మళ్ళీ పూడుకుపోతుంది. పెద్ద కోత అవసరం లేకుండా, చర్మంపై చేసిన చిన్న రంధ్రం గుండా పరికరాలను పంపి దీనిని చాలావరకు తెరవవచ్చు.

కారణాలు

తొడలోని ధమనికి సాధారణంగా నికెల్, టైటానియంల మిశ్రమలోహమైన నిటినాల్‌తో చేసిన స్టెంట్లను వాడతారు. ఇవి పూడుకుపోవడానికి ముఖ్య కారణాలు రెండు. మొదటిది, ధమని లోపలి పొర మందంగా పెరిగి జాలి కన్నాల గుండా లోనికి చొచ్చుకురావడం. దీనికి నెలలు పడుతుంది. రెండవది, రక్తం గడ్డకట్టడం. ఇది గంటలలోనే జరగవచ్చు. పొగత్రాగడం, మధుమేహం, వైద్యుని అడగకుండా మందులు మానివేయడం ముప్పును పెంచుతాయి.

లక్షణాలు, నిర్ధారణ

నడిచేటప్పుడు పిక్కలో నొప్పి కలిగి, నిలబడితే తగ్గుతుంది. చీలమండ వద్ద రక్తపోటును చేతి రక్తపోటుతో భాగించగా వచ్చే విలువ 0.9 లేదా అంతకంటే తక్కువగా ఉంటే రక్తప్రసారం తగ్గినట్లు భావిస్తారు. మూసుకున్న చోటును డాప్లర్ పరీక్షతో గుర్తిస్తారు. కాలు హఠాత్తుగా చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కితే అది అత్యవసర పరిస్థితి. రక్తం అందని కండరం సుమారు 6 గంటలలో శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

తిరుపతి జిల్లాలోని వడమాలపేటకు సమీపంలో ఉన్న పుత్తూరు, విరిగిన ఎముకలకు వేసే కట్టుకు ప్రసిద్ధి. అయితే ధమని మూసుకోవడం వలన కలిగే నొప్పి ఎముకకు సంబంధించినది కాదు. బిగుతైన కట్టు రక్తప్రసారాన్ని మరింత తగ్గించగలదు. స్టెంటు ఉన్న కాలిలో నొప్పి తిరిగి మొదలైతే ముందుగా రక్తనాళాల పరీక్ష అవసరం.

చికిత్స

గజ్జలోని ధమనిలోకి సూది గుచ్చి, సన్నని తీగను ఎక్స్-రే సహాయంతో స్టెంటు గుండా దాటిస్తారు. గడ్డ ఉంటే కాథెటర్ ద్వారా కరిగించే మందును ఎక్కిస్తారు, లేదా గడ్డను పీల్చివేస్తారు. పొర పెరిగి ఉంటే బెలూన్‌తో వెడల్పు చేస్తారు. పొర మళ్ళీ పెరగకుండా పాక్లిటాక్సెల్ పూసిన బెలూన్లను వాడతారు. ఈ మందు వలన మరణాలు పెరుగుతాయేమోనన్న అనుమానం 2018లో తలెత్తింది. అందుబాటులోని సమాచారం దానిని బలపరచడం లేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో ప్రకటించింది. లేజరుతో పూడికను తొలగించడం, పొరతో కప్పిన స్టెంటును లోపల అమర్చడం ఇతర పద్ధతులు. ఇవి ఫలించనప్పుడు బైపాస్ శస్త్రచికిత్స చేస్తారు.

పూడిక పొడవు 50 మిల్లీమీటర్లు దాటినా, స్టెంటు పూర్తిగా మూసుకున్నా, చికిత్స తరువాత మళ్ళీ పూడుకునే అవకాశం ఎక్కువ. అందువలన రోగులు క్రమం తప్పక పరీక్షలు చేయించుకోవాలి.

చరిత్ర

1964లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ కాథెటర్లతో ఒక వృద్ధురాలి కాలి ధమనిని వెడల్పు చేశాడు. 1974లో జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ కాలి ధమనికి తన బెలూన్‌ను ఉపయోగించాడు. నేటి పద్ధతులకు ఇవే పునాది.