కీపర్ చేతికి బ్యాట్ వచ్చిన కథ

1971లో అజిత్ వాడేకర్ జట్టు వెస్టిండీస్‌ను వాళ్ల గడ్డ మీదే ఓడించి వచ్చింది. ఆ సిరీస్‌లో ఐదు టెస్టుల్లోనూ వికెట్ల వెనక నిలిచింది మన హైదరాబాదీ పోచయ్య కృష్ణమూర్తి. సిరీస్ మొత్తంలో అతను చేసిన పరుగులు 33. ఇవాళ్టి రోజుల్లో అయితే రెండో టెస్టుకల్లా పేరు గల్లంతయ్యేది. అప్పుడు అలా జరగలేదు. ప్రసన్న, బేడీ, వెంకటరాఘవన్ బంతిని తిప్పుతుంటే దాన్ని జారవిడవకుండా పట్టడమే అతని పని.

మరి కీపర్ బ్యాటింగ్ కూడా చెయ్యాలన్న పట్టు ఎప్పుడు మొదలైంది? చాలామంది గిల్‌క్రిస్ట్ పేరు చెప్పి ఊరుకుంటారు. కథ అంతకంటే చాలా పాతది.

టెస్టుల్లో సెంచరీ కొట్టిన మొదటి కీపర్ ఇంగ్లండ్‌కు చెందిన హ్యారీ వుడ్. 1892లో కేప్‌టౌన్‌లో 134 నాటౌట్. కానీ అది ఒక్క ఇన్నింగ్స్ ముచ్చట. అసలు దారి వేసినవాడు కెంట్ కౌంటీ ఆటగాడు లెస్ ఏమ్స్. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అతనివి 102 సెంచరీలు, 418 స్టంపింగ్‌లు. అన్ని స్టంపింగ్‌లు ఇంకెవరూ చెయ్యలేదు. టిచ్ ఫ్రీమన్ లెగ్ స్పిన్‌కు బ్యాట్స్‌మన్ ముందుకు రావడం, ఏమ్స్ బెయిల్స్ ఎగరగొట్టడం కెంట్‌లో రోజూ జరిగే పనే. 1931లో లార్డ్స్‌లో న్యూజిలాండ్ మీద ఇంగ్లండ్ 190కి ఏడు వికెట్లు పోగొట్టుకున్నప్పుడు ఏమ్స్, గబ్బీ అలెన్ కలిసి ఎనిమిదో వికెట్‌కు 246 జోడించారు. టెస్టుల్లో ఏమ్స్ సగటు 40 దాటింది. అయినా అంతకు ముందు ఏడాది, 1930లో, బ్రాడ్‌మన్ ఉన్న ఆస్ట్రేలియా జట్టు ఇంగ్లండ్ వచ్చినప్పుడు ఐదు టెస్టుల్లోనూ కీపింగ్ చేసింది జార్జ్ డక్‌వర్త్. ముందు గ్లవ్స్, తర్వాతే బ్యాట్ అన్న నమ్మకం అంత గట్టిది.

ఆ నమ్మకానికి కారణం లేకపోలేదు. అప్పట్లో పిచ్‌లను వానకూ ఎండకూ వదిలేసేవారు. తడిసి ఆరిన పిచ్ మీద బంతి ఎటు తిరుగుతుందో, ఎంత ఎగురుతుందో తెలియదు. కీపర్ వికెట్లకు ఆనుకుని నిలబడాలి, ఒక్క స్టంపింగ్ వదిలితే మ్యాచే చేజారుతుంది. పిచ్‌ల మీద కవర్లు వచ్చాక, ఫాస్ట్ బౌలర్ల జోరు పెరిగాక కీపర్ ఎక్కువసేపు వెనక్కి జరిగి నిలబడే రోజులు వచ్చాయి. స్టంపింగ్‌ల విలువ తగ్గింది, పరుగుల విలువ పెరిగింది. ఏడో స్థానంలో కీపర్ నిలబడి ఆడగలిగితే ఐదో బౌలర్‌ను ధైర్యంగా తీసుకోవచ్చు. ఈ చిన్న లెక్క కెప్టెన్లందరికీ మెల్లగా ఎక్కింది.

ఈ మార్పు ఎవరిని నలిపేసిందో బాబ్ టేలర్‌ను అడగాలి. డెర్బీషైర్‌కు చెందిన టేలర్ అంత నేర్పుగా గ్లవ్స్ వాడినవాళ్లు అరుదు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అత్యధికంగా 1,649 మందిని ఔట్ చేసిన కీపర్ అతనే. కానీ అదే కాలంలో అలన్ నాట్ ఉన్నాడు. నాట్ కూడా కెంట్ వాడే, అతను ఎదిగిన రోజుల్లో ఆ కౌంటీ వ్యవహారాలు చూసింది లెస్ ఏమ్సే. నాట్ కీపింగ్ టేలర్‌కు దీటుగా ఉండేది, పైగా ఐదు టెస్టు సెంచరీలు. 1971లో ఒక్క టెస్టు ఆడిన టేలర్, కెర్రీ ప్యాకర్ విడిగా నడిపిన సిరీస్‌కు నాట్ వెళ్లిపోయే దాకా, అంటే 1977 దాకా, రెండో టెస్టు కోసం ఎదురుచూశాడు.

మన దేశంలో ఈ ఆట రుచి ముందే చూపించినవాడు ఫరూఖ్ ఇంజినీర్. 1967లో మద్రాసులో వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్లు హాల్, గ్రిఫిత్‌లను ఎదుర్కొంటూ మొదటి రోజు లంచ్‌కే 94 కొట్టాడు.

ఇక 1999. ఆస్ట్రేలియాకు పదకొండేళ్లు కీపింగ్ చేసిన ఇయాన్ హీలీని పక్కన పెట్టి, అతని సొంత మైదానం బ్రిస్బేన్‌లోనే ఆడం గిల్‌క్రిస్ట్‌కు టోపీ ఇచ్చారు. మొదటి ఇన్నింగ్స్‌లోనే 81. రెండో టెస్టు హోబర్ట్‌లో. లక్ష్యం 369, స్కోరు 126కు ఐదు. ఎదురుగా పాకిస్తాన్ బౌలర్లు వసీం, వకార్, షోయబ్, సక్లయిన్. జస్టిన్ లాంగర్‌తో కలిసి 238 జోడించి, 149 నాటౌట్‌గా మ్యాచ్ గెలిపించాడు గిల్‌క్రిస్ట్. 96 టెస్టుల్లో 17 సెంచరీలు, సగటు 47, వంద బంతులకు దాదాపు 82 పరుగుల వేగం. అతని తర్వాత ప్రతి దేశం అలాంటివాడి కోసమే వెతికింది. ధోనీ, పంత్ మనకు దొరికారు. దొరకనప్పుడు ఉన్నవాళ్ల మీద ఆ బరువు పడింది.

విశాఖ కుర్రాడు కోన శ్రీకర్ భరత్ అలా నలిగినవాడే. టర్న్ అయ్యే పిచ్‌ల మీద అశ్విన్, జడేజా బౌలింగ్‌కు అతని కీపింగ్ ముచ్చటగా ఉండేది. ఏడు టెస్టుల్లో సగటు 20. 2024 ఫిబ్రవరిలో సొంతూరు విశాఖలో ఆడిన టెస్టు తర్వాత అతని చోటు ధ్రువ్ జురెల్‌కు వెళ్లింది. జురెల్ రాంచీలో 90 కొట్టాడు, మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు. కానీ స్పిన్ ఆడే మన గడ్డ మీదైనా కీపింగ్‌కు ఇంకొంచెం ఎక్కువ మార్కులు వేయాలని నేను గట్టిగా నమ్ముతాను.

అందరిలో గొప్పవాడు ఎవరంటే ఎక్కువమంది గిల్‌క్రిస్ట్ అంటారు. ఆట తీరును మార్చింది అతనే, కాదనను. కానీ బ్యాటింగ్‌లో అతనికి ముందు హేడెన్, లాంగర్, పాంటింగ్ ఉండేవారు. జింబాబ్వేలో ఆండీ ఫ్లవర్‌కు అలాంటి అండ లేదు. 2000లో భారత్ పర్యటనలో అతని స్కోర్లు 183 నాటౌట్, 70, 55, 232 నాటౌట్. మరుసటి ఏడాది హరారేలో దక్షిణాఫ్రికా మూడు వికెట్లకు 600 చేసేదాకా వికెట్ల వెనక వంగి లేస్తూనే ఉన్నాడు. తర్వాత బ్యాట్ పట్టుకుని 142 చేశాడు. ఫాలో ఆన్‌లో మళ్లీ దిగి, అవతల వికెట్లన్నీ పోగా 199 దగ్గర నాటౌట్‌గా మిగిలాడు. జింబాబ్వే ఓడిపోయింది. ఒక టెస్టు రెండు ఇన్నింగ్స్‌ల్లోనూ సెంచరీ చేసిన తొలి కీపర్ అతనే. ఆ పని మళ్లీ జరగడానికి 2025లో లీడ్స్‌లో రిషభ్ పంత్ రావాల్సి వచ్చింది.

గ్లవ్స్ బరువు ఎంతో శ్రీలంక ఆటగాడు సంగక్కర లెక్కలు చెబుతాయి. కీపింగ్ చేసిన టెస్టుల్లో సగటు 40, చెయ్యని టెస్టుల్లో 66. ఫ్లవర్ మాత్రం కీపింగ్ చేసిన 55 టెస్టుల్లో 53కు పైగా సగటు నిలుపుకున్నాడు. నాగపూర్‌లో కొట్టిన ఆ 232 టెస్టుల్లో ఒక వికెట్ కీపర్ చేసిన అత్యధిక స్కోరు. నా ఓటు అతనికే.