తుత్తపునీట నినుము

మయిలుతుత్తమును నీటఁ గరఁగించి, తోమిన యినుపకత్తి నందు ముంచినచో నల్పకాలముననే దానిపై నెఱ్ఱని రాగి పేరుకొనును. ఇనుమే రాగిగా మాఱెనని ఐరోపాలో రసవాదులు పెక్కుతరములు నమ్మిరి. చీనాలో సాంగువంశపు టేలుబడియందు (960–1279) ఈ విధముననే రాగిని విరివిగాఁ దీసిరి. ఇట్టివి చూచి, మన సిద్ధులును శ్రీశైలమున నినుమును రాగి చేసియుందురని వాదించువారు కలరు. నే నది యొప్పను.

ఏలయన, రసరత్నసముచ్చయమునఁ దుత్తమునుండి సత్త్వము దీయు విధ మున్నది. తుత్తపుఁ బొడికి నాలవపాలు వెలిగారము చేర్చి, కానుగనూనెలో నొకదిన ముంచి, మూఁతపెట్టిన మూసలో బొగ్గులపై నూఁదవలెను. ఇంద్రగోపమువంటి, అనఁగా మన యారుద్రపురుగు వన్నె గల, సత్త్వము దిగును. అది రాగియే. ఇం దినుము ప్రసక్తియే లేదు. రాగి తుత్తమునందే కలదనుటకు వేఱు సాక్ష్య మేల?

చూచువారు మోసపోవుటకుఁ దూఁకమును గారణమే. 56 పాళ్ల యినుము నీటఁ గలసినచో 63 పాళ్లకుఁ బైగా రాగి బయల్పడును. అది రాలక కత్తి నంటియున్నచోఁ దఱుగు కానరాదు. పైఁగా బరువు హెచ్చును.

తెలంగాణమున నిబ్రహీంపట్నమువంటి యూళ్ల కంసాలులకు నిట్టి పని క్రొత్త కాదు. నత్రికామ్లమునఁ గరఁగిన వెండిని రాగిరేకు వేసి రాఁబట్టుదురు. రేకు క్షీణించును, నీరు నీలివన్నె తాల్చును. రాగి వెండి యయ్యెనని కంసాలి యనఁడు. అది నీటిలోనికిఁ బోయెనని యెఱుఁగును. ఇనుము గరఁగిన తుత్తపునీరు మాత్రము నీలిమ విడిచి లేఁతపచ్చనగును.