హైతి భూకంపానంతర వైద్యచరిత్ర

2010వ సంవత్సరము జనవరి 12వ తేదీ సాయంకాలము, ఐదుగంటలు కావచ్చుచుండగా, హైతి దేశమున భూమి కంపించెను. నిమిషమైనను నిండకమునుపే రాజధానియగు పోర్ట్ ఓ ప్రిన్సులో రాష్ట్రపతిభవనమును, ఆరోగ్యశాఖ కార్యాలయమును కూలెను. ప్రభుత్వ నర్సుల పాఠశాల కూలి, చదువుకొనుచున్న బాలికలు పెక్కుమంది దానిక్రిందనే మరణించిరి. మృతుల సంఖ్య నేటికిని నిర్ణయము కాలేదు. ప్రభుత్వము మూడులక్షలకు పైగా ననెను, ఇతరుల గణనలు కొన్ని అందు సగమునకైనను రావు. చచ్చినవారిని లెక్కించుటకు తగిన యధికారులే చచ్చిన దేశమున లెక్క కుదురుట యెట్లు?

ఆ దేశము పేదయగుటకు భూకంపము కారణము కాదు. 1804లో బానిసలు తిరుగబడి స్వాతంత్ర్యమును సాధించిరి. ఆ స్వాతంత్ర్యమును గుర్తించుటకు ఫ్రాన్సు 1825లో పదునైదుకోట్ల ఫ్రాంకుల పరిహారము నడిగెను. 1838లో దానిని తొమ్మిదికోట్లకు తగ్గించెను. బానిస తన మేనికి తానే వెల చెల్లించుట యనగా నిదియే. ఆ సొమ్మునకై చేసిన యప్పులు ఇరువదవ శతాబ్దమువఱకును ఆ జాతిని వెన్నాడెను. బడులకును వైద్యశాలలకును పోవలసిన ధనము ఎచ్చటికి పోయెనో చదువరులు గ్రహింపగలరు.

భూకంపవార్త వినినతోడనే లోకము కరగిపోయెను. ఓడలు, విమానములు, గుడారపు ఆసుపత్రులు, శస్త్రవైద్యులు వచ్చిరి. వారు వేలకొలది ప్రాణములు నిలిపిరనుటలో సంశయము లేదు. కాని తొలి రెండుమూడేండ్ల అత్యవసర సహాయధనములో హైతి ప్రభుత్వము చేతికి వచ్చినది నూటికి ఒకపాలు మాత్రమే. తక్కినదంతయు దాతృదేశముల సేనలకును, అంతర్జాతీయ సంస్థలకును, గుత్తదారులకును పోయెను. ప్రభుత్వము లంచగొండి యనియు అసమర్థమనియు దాతల వాదము. అది కేవలము అసత్యము కాదు. అయినను, దానమునకు దేశకాలపాత్రములు చూడవలెనని మన పెద్దలు చెప్పిరి గదా! ఇచ్చట దాతలు దేశమును చూచిరి, కాలమును చూచిరి. ఆ దేశపు ప్రభుత్వమును మాత్రము అపాత్రమని త్రోసివేసి, త్రోసివేయుటచేతనే దానిని మఱింత అపాత్రముగా చేసిరి. రాజధానిలోని ప్రభుత్వ జనరలు ఆసుపత్రిలో నర్సులకు నెలల తరబడి జీతములు లేవు. దాని ప్రక్కనే విదేశీయుల గుడారములలో మందులు ఉచితము. ఉచితముగా చికిత్స చేసిన యొక స్వదేశీయ ప్రైవేటు ఆసుపత్రి, ఖర్చు నెవ్వరును ఈయకుండుటచే, మూడు నెలలు తిరుగకమునుపే మూతపడెను.

అంతకంటె ఘోరమైనది తరువాత వచ్చెను. ఆ యేడే అక్టోబరులో కలరా పుట్టెను. ఆ దేశమున నూఱేండ్లుగా కలరా యన్న మాట లేదు. మిరబలే పట్టణసమీపమున ఐక్యరాజ్యసమితి శాంతిసైనికుల శిబిరమునుండి మలము ఏటిలో కలియుటయు, ఆ యేఱు అర్తిబొనీత్ నదిలో పడుటయు, ఆ నదినీరే పల్లెలవారు త్రాగుటయు నిందుకు కారణములు. ఆ సైనికులు కలరా యున్న నేపాలమునుండి వచ్చినవారు. ఫ్రెంచి వైద్యుడు రెనో పియరూ నదివెంట విచారించి యీ సంగతి వెల్లడించెను. సమితి ఏండ్లతరబడి కాదని వాదించి, 2016 డిసెంబరులో క్షమాపణ చెప్పెను. అప్పటికి సుమారు ఎనిమిదిలక్షలమంది వ్యాధిగ్రస్తులు కాగా, సుమారు పదివేలమంది మడిసిరి. రక్షింపవచ్చినవారి పాయఖానా సరిగా లేకుండుట యెంతటి పని చేసినదో చూడుడు.

ఈ కథలో మన ఆంధ్రదేశపు పాలు కొంచెము కలదు. హైదరాబాదునందలి శాంతా బయోటెక్నిక్స్ సంస్థ తయారుచేసిన నోటిటీకా శాంకాల్ 2011లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆమోదమును పొందెను. హైతిలో దీనిని వేయుటకు అభ్యంతరములు పెక్కు పుట్టెను. మందు కొలది, జనము లెక్కలేదు, తగవులు పుట్టుననిరి. చదువురాని నిరుపేదలు రెండవమోతాదునకు మరల రారనిరి. ప్రజలపై ప్రయోగమని వదంతియు పుట్టెను. తుదకు 2012 వేసవిలో రాజధానిలోని మురికివాడలలో జెస్కియో సంస్థయు, అర్తిబొనీత్ ప్రాంతపు వరిపొలముల నడుమ బొకోజెల్లులో జన్మీ లసాంతె సంస్థయు సుమారు లక్షమందికి ఈ టీకాను ఇచ్చెను. రెండును హైతీయులే నడపునవి. వారి గ్రామసేవకులు ఇల్లిల్లు తిరిగి పేర్లు వ్రాసికొనిరి, వానలలో నడిచిరి. మొదటిమోతాదు పుచ్చుకొన్నవారిలో నూటికి సుమారు తొంబదిమంది రెండవదానికిని వచ్చిరి. పేదలు రారన్నవారు వారిని పిలిచి చూచినవారు కారు.

ఆ జన్మీ లసాంతె సంస్థయే, తన యమెరికా మిత్రుడు డాక్టరు పాల్ ఫార్మరు ప్రభృతుల తోడ్పాటుతో, ఆరోగ్యశాఖతో చేయి కలిపి మిరబలేలో మూడువందల పడకల ఆసుపత్రిని కట్టెను. మొదట తలపెట్టినది చిన్నది. రాజధానిలో బోధనాసుపత్రి కూలినందున, వైద్యులను తయారుచేయునట్టి పెద్దదానిని కట్టవలెనని ప్రభుత్వమే కోరెను. కప్పుమీద 1,800 సౌరఫలకములు పెట్టిరి. విద్యుత్తు నమ్మరాని దేశమున శస్త్రచికిత్స ఆగకుండుటకు అది యుపాయము. 2013లో తెఱచిరి. ఇందులో హైతీయ యువవైద్యులు ప్రసూతి, శస్త్ర, శిశువైద్యములను అభ్యసించిరి. నాకిది గోడలకంటెను ముఖ్యముగా తోచుచున్నది. ఉపాధ్యాయవృత్తిలో నున్నవాడను గనుక అట్లు తోచుచున్నదేమో! ఇంతలో రాజధానిలోని జనరలు ఆసుపత్రిని ఫ్రాన్సు, అమెరికాల ధనముతో కట్టెదమని 2010లోనే చెప్పినది దశాబ్దము గడచినను ముగియలేదు.

ఆ జనరలు ఆసుపత్రిని 2024 డిసెంబరు 24న తిరిగి తెఱచుటకు పిలిచిన సభపై సాయుధముఠాలు కాల్పులు జరిపెను; ఇద్దఱు పత్రికావిలేఖరులును ఒక పోలీసును మరణించిరి. 2025 మార్చి చివర ముఠాలు మిరబలేపై పడెను. ఏప్రిలులో ఆ యాసుపత్రిని మూసి రోగులను తరలింపవలసివచ్చెను. భూకంపమునకు పదునైదేండ్ల తరువాత, ఆ ప్రాంతపు గర్భిణి పురుటికై ఎచ్చటికి పోవలెనో మరల అడుగవలసిన దినములు వచ్చెను.